హోమ్ థియేటర్‌కు సరౌండ్ స్పీకర్లు ఎన్ని? సోఫా వెనుక జాగాను కొలిచి తేల్చుకోండి

పక్కల నుంచీ వెనుక నుంచీ శబ్దమిచ్చే సరౌండ్ స్పీకర్లు ఎన్ని కావాలన్నది దుకాణంలో తేలే విషయం కాదు. విశాఖలో బంధుమిత్రుల ఇళ్లకు ఈ పని మీద ఎన్నోసార్లు వెళ్లాను. దాదాపు ప్రతిచోటా ముందు ఏడు స్పీకర్ల సెట్టు కొనేసి, ఆ తరువాత వాటికి గోడలు వెతుక్కుంటున్నారు.

కొలత టేపు, ఎత్తైన స్టూలు, సాయానికి ఒక మనిషి ఉంటే చాలు.

పెట్టె మీది 5.1లో మొదటి అంకె చుట్టూ ఉండే స్పీకర్లను, రెండోది లోతైన బేస్ శబ్దమిచ్చే సబ్ వూఫర్‌ను సూచిస్తాయి. 5.1.2లో చివరి అంకె పైకప్పు స్పీకర్లది. ఐదింటిలో మూడు టీవీ దగ్గరే ఉంటాయి కనుక సరౌండ్ స్పీకర్లు రెండే, 7.1లో నాలుగు.

ఇక తొందరపడకూడని పని ఒకటుంది. సోఫాను రోజూ ఉండే చోటే ఉంచి, మధ్యలో కూర్చున్నవారి తల నుంచి వెనుక గోడ దాకా కొలవండి. 5.1లో సరౌండ్ స్పీకర్లు శ్రోతకు సరిగ్గా పక్కన కాకుండా కాస్త వెనక్కి ఉండాలి. టీవీ మధ్యభాగాన్ని సున్నాగా తీసుకుంటే 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సు. కోణమానిని అక్కరలేదు, తల నుంచి పక్కకు 6 అడుగులు కొలిచి, అక్కడి నుంచి వెనక్కి 2 అడుగుల 2 అంగుళాలు జరిగితే అదే 110 డిగ్రీలు. సోఫా గోడకు ఆనుకొని ఉంటే ఆ జాగా దొరకదు కనుక, స్పీకర్లు కొనడానికి ముందే సోఫాను రెండున్నర అడుగులు ముందుకు జరపండి.

7.1లో వెనుక జత 135 నుంచి 150 డిగ్రీల మధ్య ఉండాలి. తల వెనుక 4 అడుగులు లేని గదిలో ఏడు స్పీకర్లు పెట్టకూడదు. అంతకన్నా దగ్గరైతే సోఫా చివర కూర్చున్నవారికి తమ వెనుక ఉన్న ఒక్క స్పీకరే వినిపిస్తుంది, చుట్టూ ఆవరించాల్సిన శబ్దం ఒక మూలకు చేరుతుంది. సరిగా అమర్చిన రెండు స్పీకర్లు ఇరికించిన నాలుగింటికన్నా మేలని నేను పట్టుబట్టేది ఇందుకే.

మన ఫ్లాట్లలో మరో చిక్కు ఉంది. చాలా హాళ్లకు ఒకవైపు బాల్కనీ అద్దాల తలుపు, మరోవైపు భోజనాల గదిలోకి ఖాళీ జాగా ఉంటాయి. ఎంవీపీ కాలనీలో ఒక ఇంట్లో ఎడమ స్పీకరును గోడకు బిగించి, కుడి స్పీకరును ఫ్రిజ్ మీద పెట్టారు. కంప్రెసర్ ఆన్ అయిన ప్రతిసారీ ఆ స్పీకరు ఫ్రిజ్ రేకు మీద గలగలలాడేది. స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె అయిన రిసీవర్ తన మైకుతో దూరాన్నీ శబ్దస్థాయినీ సరిచేయగలదు గానీ, తప్పు దిక్కు నుంచి వచ్చే శబ్దాన్ని సరైన దిక్కుకు తిప్పలేదు. ఇలాంటి హాల్లో రెండింటికీ ఒకే ఎత్తు స్టాండ్లు వాడండి, చెవి కంటే అడుగు ఎత్తున ఉంచండి.

రిసీవర్‌ను మాత్రం ఏడు చానళ్లది తీసుకొని, స్పీకర్లు ముందు ఐదే కొనండి. వెనుక జాగా లేకపోతే మిగిలిన రెండు చానళ్లను పైకప్పుకు ఇచ్చి 5.1.2 చేసుకోవచ్చు. పైనుంచి కూడా శబ్దం వినిపించేలా 2012లో సినిమా హాళ్లకు వచ్చిన డాల్బీ అట్మాస్ పద్ధతి ఇప్పుడు ఓటీటీలోనూ దొరుకుతోంది కనుక వాటికి పని ఉంటుంది. శబ్దాన్ని పైకి కొట్టి కిందికి రప్పించే రకం కొంటే మాత్రం కప్పు చదునుగా ఉండాలి. మెట్లుమెట్లుగా ఉన్న ఫాల్స్ సీలింగ్ కింద అవి సరిగా పనిచేయవు.

సముద్రపు గాలికి రాగి తీగ కొసలు త్వరగా చిలుం పడతాయి, కనుక వాటిని విప్పి వదిలేయకుండా ప్లగ్గులు బిగించండి.

చివరగా స్పీకరును స్టూలు మీద పెట్టి, వాన కురిసే సన్నివేశం ఒకటి వేసి, సోఫాలో మూడు చోట్లా కూర్చుని వినండి. చివరి సీటులో వాన ఒకవైపే కురుస్తున్నట్టనిపిస్తే స్పీకరును కొంచెం పైకి, కొంచెం దూరంగా జరపమని సాయం వచ్చినవారికి చెప్పండి. కుదిరిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టి, వారం రోజులు అలాగే విన్నాకే గోడకు డ్రిల్లు పెట్టండి.