ఆప్టిమిస్ట్ (పిల్లలు ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) రేసుకు నీళ్లలోకి దిగే ముందు

పాకాల, లక్నవరం చెరువులు చూస్తూ పెరిగిన వరంగల్ పిల్లలకు సముద్రపు అల కొత్తే. పైగా అంతర్జాతీయ పోటీ. టెన్షన్‌లో మరిచిపోయేవి చిన్నవే.

మాస్ట్‌ను, అంటే తెరచాప స్తంభాన్ని, పడవకు తాడుతో కట్టారా? వదులైతే పడవ బోల్తా పడ్డప్పుడు ఊడి వస్తుంది. ముడి వేశాక మాస్ట్‌ను పట్టుకుని గట్టిగా పైకి లాగండి. కోచ్ సార్ చూసుంటారులే అనుకోవద్దు.

పడవను తేల్చే గాలి సంచులు మూడూ రాత్రే నింపి, పొద్దున మళ్లీ నొక్కి చూడండి. మెల్లగా కారేది అప్పుడే దొరుకుతుంది.

నీళ్లు తోడే డబ్బా, తెడ్డు పడవకు కట్టి ఉండాలి. లైఫ్ జాకెట్‌కు విజిల్ ఉందా?

అమ్మ కట్టిచ్చిన సకినాలు ఒడ్డునే. పడవలోకి నీళ్ల బాటిల్ చాలు.

స్టార్ట్‌కు 4 నిమిషాల ముందు ఎగిరే జెండా నల్లదైతే, చివరి నిమిషంలో స్టార్ట్ గీత దాటి ముందుకెళ్తే ఆ రేసు పోయినట్టే.