సెలవుల చేతిపనులు, మూడో పాఠం: తడి ఇసుకలో ప్లాస్టర్ అచ్చు

మొదటి పాఠంలో గవ్వలు ఏరి కడిగి ఆరబెట్టుకున్నాం, రెండో పాఠంలో తడి ఇసుకని ఎంత నొక్కితే నిలబడుతుందో చేతికి అలవాటు చేసుకున్నాం, ఇక ఈసారి ఆ రెండూ కలిపి ఇంటికి పట్టుకెళ్లే వస్తువు ఒకటి చేద్దాం. తడి ఇసుకలో గుంటగా బొమ్మ చెక్కి, అందులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి పోసి, గట్టిపడ్డాక తిరగేసి తీస్తే గోడకి తగిలించుకునే పలక వస్తుంది, అంతే పని. ఐదేళ్ల పిల్లల నుంచి అమ్మమ్మ తాతయ్యల దాకా అందరికీ ఇందులో ఏదో ఒక వాటా ఉంటుంది. డ్రాయింగ్ రానివాళ్లకైతే మరీ బాగా కుదురుతుంది, ఎందుకంటే ఇసుకలో సన్నగా నీట్‌గా గీసిన బొమ్మ కన్నా వేలితో లోతుగా మొద్దుగా తవ్విన బొమ్మే అచ్చులో బాగా పడుతుంది.

పిల్లలాటే కదా అని తీసిపారేయకండి. 1911లో సార్డీనియా దీవిలో పుట్టిన కోస్తాంతీనో నివోలా అనే శిల్పి అమెరికాలో లాంగ్ ఐలాండ్ బీచ్‌లో తన పిల్లలతో ఇసుకలో ఆడుకుంటూనే ఈ పద్ధతి పట్టుకున్నాడు, ఆ తర్వాత 1954లో న్యూయార్క్‌లో తెరిచిన ఒలివెట్టి టైప్‌రైటర్ల షోరూంలో ఒక గోడ గోడంతా ఇసుక అచ్చు పలకలతోనే నింపేశాడు, ఆ షోరూం పోయినా పలకలు మాత్రం హార్వర్డ్ యూనివర్సిటీ సైన్స్ సెంటర్‌లో ఇప్పటికీ ఉన్నాయి. వీలైతే ఆ ఫొటోలు వెతికి పిల్లలకి చూపించండి. అందులో ముద్దుముద్దు నగిషీలేం ఉండవు, పెద్ద గుంటలూ మొద్దు గీతలే, ఇసుక ఏది పట్టుకోగలదో అదే గీశాడన్నమాట.

బీచ్‌కి వెళ్లే ముందు ఇంట్లోనే చేసుకోవాల్సిన పని ఒకటుంది, దీన్ని మాత్రం వదిలేయొద్దు. భోజనం ప్లేటంత, అంటే 20 సెంటీమీటర్ల వెడల్పు, రెండున్నర సెంటీమీటర్ల మందం ఉన్న పలకకి సుమారు ముప్పావు కిలో ప్లాస్టరూ అర లీటరు నీళ్లూ పడతాయి. కాబట్టి ముప్పావు కిలో చొప్పున తూచి ఒక్కో జిప్ కవర్లో వేసేయండి, అర లీటరు సీసాల్లో మంచినీళ్లు పట్టండి, అప్పుడు అక్కడ లెక్కల్లేవు, ఒక కవరు, ఒక సీసా, ఒక పలక. సముద్రం నీళ్లు పక్కనే ఉండగా మంచినీళ్లు మోయడం ఎందుకంటారేమో, ఉప్పు నీళ్లతో ప్లాస్టర్ తొందరగా బిగుసుకుపోతుంది, పిల్లలు ఇంకా గవ్వలు సర్దుకుంటూ ఉండగానే బకెట్‌లో రాయైపోతుంది, పైగా ఆరాక పలక మీద తెల్లగా ఉప్పు పూస్తుంది. ఇవి కాక మెత్తటి ప్లాస్టిక్ బకెట్ ఒకటి, కలపడానికి కర్ర, పాత పెద్ద చెంచా, పెయింటింగ్ బ్రష్, గోనెసంచి ముక్కలు, కొక్కేనికి కాస్త తీగ, మాస్కు, రబ్బరు గ్లౌజులు. షాపుల్లో అమ్మే కిట్ అక్కర్లేదు, అందులో ఉండేది కూడా ఇంచుమించు ఇదే.

ఇప్పుడు టైమింగ్. పోటు మీద ఉన్నప్పుడు మొదలుపెడితే సగం పనిలో అల వచ్చి తుడిచేస్తుంది, అందుకని నీళ్లు వెనక్కి వెళ్తున్నప్పుడు మొదలుపెట్టాలి. చాలా తీరాల్లో ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది, అందుకే ఇవాళ పొద్దున 8కి పోటు వస్తే రేపు ఇంచుమించు 8.50కి వస్తుంది, ఒక్కరోజు గమనిస్తే మిగతా వారం మీరే అంచనా వేసుకోవచ్చు. అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూ రోజుల్లో నీళ్లు మామూలు కన్నా పైకి ఎక్కుతాయి కాబట్టి అప్పుడు ఇంకాస్త వెనక కూర్చోండి. ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు, మధ్యాహ్నం పోటు తీసే రోజైతే ఈ పని మానేసి ఇంకో రోజు పెట్టుకోండి, సాయంత్రం తీసే రోజు దొరికితే అదృష్టమే. చోటు ఎంచుకోవడానికి గుర్తు ఏంటంటే, పోయిన పోటు వదిలిపెట్టిన నాచూ పుల్లల గీత ఒకటి కనిపిస్తుంది కదా, దానికి కొంచెం కింద ఇసుక తడిగా ఉంటుంది కానీ నీళ్లు ఊరవు, అదీ మన చోటు.

ఇసుక తడి గురించి పోయిన పాఠంలో చెప్పిందే మళ్లీ రెండు ముక్కల్లో. రేణువుల మధ్య సన్నటి నీటి పొర వంతెనల్లా పట్టుకుని ఉంటేనే ఇసుక నిలబడుతుంది, నీళ్లు ఎక్కువైతే ఆ వంతెనలు కలిసిపోయి అంతా జావైపోతుంది. 2012లో కొందరు భౌతికశాస్త్రవేత్తలు కొలిచి చూస్తే ఘనపరిమాణంలో ఒక శాతం నీళ్లకే ఇసుక బాగా గట్టిగా నిలబడిందట, అంటే మనం అనుకునే దానికంటే చాలా తక్కువ. పిడికిట్లో పట్టి నొక్కి వదిలితే వేళ్ల అచ్చులు స్పష్టంగా ఉండాలి, చేతికి నీళ్లు కారకూడదు. ప్లేటు కన్నా కాస్త పెద్ద జాగా చదును చేసి అరచేత్తో గట్టిగా తట్టండి, తర్వాత మధ్యలో మూడు సెంటీమీటర్ల లోతుకి గుంట తీసి అడుగు కూడా తట్టండి. గుంట అంచులు నిలువుగా కాకుండా కొంచెం బయటికి వాలేలా ఉంటే పలక తీసేటప్పుడు అంచు విరగదు.

బొమ్మ ఆ గుంట అడుగున వేయాలి, అసలు తికమక ఇక్కడే మొదలవుతుంది. మీరు లోతుగా తవ్విందల్లా పలక మీద ఉబ్బుగా వస్తుంది, మీరు గుట్టగా పెట్టిందల్లా గుంటగా వస్తుంది. చేప వేయాలంటే చేప ఆకారాన్ని లోపలికి తవ్వాలి, దాని కన్ను దగ్గర మాత్రం చిన్న ఇసుక ముద్ద వదిలేయాలి, అప్పుడు పలక మీద ఉబ్బిన చేపకి లోతు కన్ను వస్తుంది. చిన్నపిల్లలకి ఇదంతా వివరించి విసిగించకండి, వాళ్లకి తోచినట్టు తవ్వనివ్వండి, పలక తిరగేసినప్పుడు వాళ్లకే తెలుస్తుంది, రెండో పలకకి తెలివిగా చేస్తారు. పెద్దవాళ్లు చెయ్యకూడని పని ఒకటే, పిల్లల బొమ్మని సరిదిద్దడం.

పేరు రాద్దామనుకుంటే అక్షరాలు అద్దంలో కనిపించినట్టు తిప్పి రాయాలి. మన గుండ్రటి అక్షరాలు ఇసుకకి బాగా నప్పుతాయి, మూలలు తక్కువ కాబట్టి అంచులు రాలవు, కానీ తిప్పి రాయడం మాత్రం తల తిరిగే పని, ‘ర’ లాంటి తేలిక అక్షరం కూడా తలకట్టు ఒక్కటి అటు కాకుండా ఇటు వాలితే తేడా కొట్టేస్తుంది. అందుకని ఇంట్లోనే పల్చటి కాగితం మీద స్కెచ్ పెన్‌తో పెద్దగా రాసి, వెనక్కి తిప్పితే కనిపించే అక్షరాన్నే చూస్తూ ఇసుకలో దించేయండి. పేరు కుడి నుంచి ఎడమకి వెళ్తుందన్నది మర్చిపోవద్దు, ఒత్తులూ గుణింతాలూ కూడా దాంతోపాటే తిరుగుతాయి. పెన్సిలంత లావు గీత చాలదు, చిటికెన వేలంత లావుండాలి.

గవ్వలు పెట్టాలంటే పలక మీద ఏ వైపు కనిపించాలో ఆ వైపు కిందికి ఉండేలా ఇసుకలో సగం దాకా గుచ్చండి, పైకి తేలిన మిగతా సగాన్ని ప్లాస్టర్ పట్టుకుంటుంది. పూర్తిగా పాతేస్తే పలకతో రాదు, పైపైన పెడితే ప్లాస్టర్లో మునిగిపోతుంది. ఆ రోజు ఏరిన గవ్వలే వాడుతుంటే ఒక్కోటి లోపలికి చూడండి, ప్రాణి ఉంటే నీళ్లలోకి పంపేయండి, కొన్నిట్లో సన్యాసి పీతలు దాక్కుని ఉంటాయి. శంకువు ఆకారంలో అందంగా మచ్చలున్నవైతే అసలు చేత్తో ముట్టనివ్వకండి, వెచ్చటి సముద్రాల్లో ఉండే కోన్ నత్తలు బతికుంటే విషపు ముల్లుతో గుచ్చుతాయి. గవ్వలు తీసుకెళ్లకూడదని బోర్డు ఉన్న బీచ్ అయితే అక్కడే ముద్ర వేసి అక్కడే వదిలేయండి, ముద్ర కూడా గవ్వంత అందంగానే వస్తుంది.

ఇప్పుడు ప్లాస్టర్, ఇది పెద్దవాళ్ల పని. గాలికి వీపు పెట్టి కూర్చుని మాస్కు వేసుకోండి. ముందు నీళ్లు, తర్వాత పొడి, ఈ వరస మార్చొద్దు, పొడిలో నీళ్లు పోస్తే అడుగున ఉండలు కట్టేస్తుంది. బకెట్‌లో అర లీటరు పోసి, పొడిని చేత్తో జల్లుతూ నీళ్ల మీద పడేయండి, పొడి మునుగుతూ మునుగుతూ చివరికి నీటి పైన చిన్న చిన్న దిబ్బలు తేలతాయి, అక్కడికి సరిపోయినట్టు. రెండు నిమిషాలు కదపకుండా నాననివ్వండి. ఆ తర్వాత కర్రతో అడుగు తగిలేలా నెమ్మదిగా తిప్పండి, గిలకొట్టకండి, గిలకొడితే బుడగలు చేరి పలక మొహం నిండా చిల్లులు పడతాయి. గరిటెజారుగా రాగానే పోసెయ్యాలి, ఇంకాసేపు ఆగుదాం అన్నారో అయిపోయింది. బిగుసుకోవడం మొదలైన ప్లాస్టర్లో మళ్లీ నీళ్లు కలిపితే పోయడానికి వీలవుతుంది గానీ ఆ పలక ఎప్పటికీ పిండిలా రాలుతూనే ఉంటుంది.

పోసేటప్పుడు బకెట్ ఎత్తి ఒక్కసారి గుమ్మరిస్తే బొమ్మ కొట్టుకుపోతుంది. చెంచాని బోర్లా పట్టుకుని దాని వీపు మీద సన్నగా పోయండి, ముందు లోతు గీతలన్నీ నిండాలి, తర్వాత మిగతాది. సగం మందం వచ్చాక గోనె ముక్క పరిచి ముంచేయండి, రేపు ఎప్పుడైనా పలకకి బీట వచ్చినా అది ముక్కలు కాకుండా పట్టుకుంటుంది. మిగతాది పోసేశాక ఒక పది నిమిషాలకి పైభాగం వేలితో నొక్కితే సొట్ట పడేంత గట్టిపడుతుంది, అప్పుడు తీగని వంకీలా వంచి పై అంచు దగ్గర గుచ్చండి, కొక్కెం రెడీ.

ఇక వేడి గురించి. జిప్సం అనే ఖనిజాన్ని సుమారు 150 డిగ్రీల దగ్గర కాల్చి అందులోని నీటిని చాలావరకూ పోగొడితే వచ్చేదే ఈ పొడి, మనం నీళ్లు కలపగానే అది మళ్లీ జిప్సంగా మారిపోతూ సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని గట్టిపడుతుంది, ఆ మారేటప్పుడే వేడి పుడుతుంది. పలక మీద చెయ్యి పెట్టి చూసిన ఏ పిల్లైనా “నాన్నా, ఇది కాలుతోంది!” అని అరుస్తుంది, పల్చటి పలకకి అది గోరువెచ్చగానే ఉంటుంది. కానీ మందంగా పోసిన ముద్ద 60 డిగ్రీల దాకా పోగలదు. చెయ్యి అచ్చు తీయాలని పిల్లల చేతిని ప్లాస్టర్లో ముంచి ఉంచడం ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యొద్దు, బిగుసుకున్నాక చెయ్యి బయటికి రాదు, లోపల కాలిపోతుంది. చెయ్యిని ఇసుకలో నొక్కాలి, తీసేయాలి, ఆ గుంటలో పోయాలి, దీనికి మినహాయింపు లేదు.

పలక వేడెక్కి మళ్లీ చల్లబడేదాకా ముప్పావు గంట పడుతుంది, ఆకలేసేది కూడా సరిగ్గా అప్పుడే. ఎండాకాలం పండ్లే తెచ్చుకోండి, పుచ్చకాయకి మించింది లేదు, అందులో 90 శాతం పైగా నీళ్లే. అయితే బీచ్‌లో కోసే సరదా వద్దు, ప్రతి ముక్కలోనూ ఇసుక కరకరలాడుతుంది. ఇంట్లోనే తొక్కని బాగా కడిగి, ఎందుకంటే కత్తి తొక్క మీది మురికిని లోపలికి లాక్కెళ్తుంది, చేత్తో పట్టుకునేలా తొక్కతో సహా పొడుగు ముక్కలు కోసి ఐస్ పెట్టిన డబ్బాలో తెచ్చుకోండి. కోసిన పండు బయట రెండు గంటలు మించి ఉంచకూడదు, 32 డిగ్రీలు దాటిన ఎండలో గంటే. తినేముందు అందరూ చేతులు కడుక్కోవాల్సిందే, గోళ్లలో ప్లాస్టర్ ఉంటుంది. తిన్న తొక్కలు పారేయకండి, వంపు అంచుని ఇసుకలో వరసగా నొక్కుకుంటూ పోతే చేప పొలుసులు అచ్చం దిగుతాయి, రెండో పలకకి పనికొస్తుంది.

తీసేటప్పుడు అంచు పట్టుకుని లాగకండి. చుట్టూ ఇసుక తవ్వి, రెండు చేతులూ అడుగు దాకా పోనిచ్చి ఇసుకతో సహా ఎత్తి తిరగేయండి. మొహం మీద మందంగా ఇసుక పట్టి ఉంటుంది, బ్రష్‌తో పైపైన దులిపి ఊరుకోండి, రేణువుల పొర ఒకటి అలాగే అంటుకుపోతుంది, ఈ పలకల అందమే అది. ఇంటికెళ్లాక నీడలో గాలి తగిలేచోట నిలబెట్టి వారం దాకా ఆరనివ్వండి. ఆరిందో లేదో చూడ్డానికి చెంపకి ఆనించండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. జిప్సం నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతుంది కాబట్టి వాన పడేచోట, బాత్రూంలో తగిలించకండి.

బకెట్‌లో మిగిలిన ప్లాస్టర్‌ని సముద్రంలోనో ఇంట్లో సింకులోనో వంచొద్దు, సింకు పైపులో గట్టిపడితే ఆ పైపు ఇక కోసి మార్చడమే. బకెట్‌లోనే బిగుసుకోనిచ్చి బయట నుంచి నొక్కితే పెంకులుగా ఊడిపోతుంది, మెత్తటి బకెట్ తెమ్మన్నది అందుకే, అవన్నీ కవర్లో వేసి ఇంటి చెత్తలో పడేయండి. తవ్విన గుంటలన్నీ పూడ్చి రండి, చీకట్లో నడిచేవాళ్ల కాళ్లు మెలికపడతాయి.

వచ్చే పాఠానికి ఇంటికొక్క పలకైనా పూర్తిగా ఆరి సిద్ధంగా ఉండాలి, రంగులు వేయడం దాని మీదే. అందాకా ఇంకో పలక చేసే ఓపికుంటే ఈసారి గుంట అంచులు నిలువుగా చెక్కి చూడండి, వాలు అంచు పలకతో పక్కపక్కన పెట్టి ఏది బాగా ఊడి వచ్చిందో పిల్లలతోనే రాయించండి, పెద్ద సైజు అచ్చులకి ఆ లెక్క కావాలి.