జీపీడీపీ అంటే సీసీ రోడ్ల లిస్టు కాదు: ఊరి ప్లాన్ ఎలా రాసుకోవాలి

చాలా ఊళ్లలో గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, అదే జీపీడీపీ, ఎలా తయారవుతుందో అందరికీ తెలిసిందే. పోయినేడు లిస్టులో సంవత్సరం మార్చి, నాలుగు సీసీ రోడ్లు రెండు సైడు కాలవలు కలిపి, గ్రామసభ ఫొటో ఒకటి పెట్టి ఆన్‌లైన్‌లో ఎక్కించేస్తారు. నిజానికి పంచాయతీలకి రాజ్యాంగంలో చోటిచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చినప్పుడే ఊరికి కావాల్సిన ప్లాన్ ఊరే వేసుకునే దారి పడింది. 243జి అధికరణం, దానికి తోడు 11వ షెడ్యూల్లో 29 అంశాలు, అన్నీ ఉన్నాయి, వాడుకోవడమే తెలియాలి.

అవసరాలతో మొదలుపెట్టమని ట్రైనింగుల్లో చెప్తారు కానీ నేనైతే ముందు డబ్బు లెక్క తీయమంటా. ఎంత వస్తుందో తెలీకుండా అడిగితే ప్రతివాళ్లూ ఫంక్షన్ హాలు దాకా వెళ్తారు. సెక్రటరీ గారి దగ్గర కూర్చుని ఆర్థిక సంఘం నిధులు, ఇంటి పన్ను, కుళాయి చార్జీలు, సంత వేలం, ఉపాధి పనుల కింద వచ్చేది, అన్నీ ఒక కాగితం మీద వేయండి. ఆర్థిక సంఘం డబ్బు మన ఇష్టం వచ్చినట్టు వాడేది కాదు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి 60 శాతం టైడ్, అంటే చెప్పిన పనికే వాడాల్సిన డబ్బు, అని పెట్టింది, అందులో సగం పారిశుధ్యానికి, సగం తాగునీటికి, వాననీటి నిల్వకి. అంటే ఆ లెక్కన ఊరికి 10 లక్షలు వస్తే 3 లక్షలు ఇటు, 3 లక్షలు అటు, మిగిలిన 4 లక్షలే మన చేతిలో ఉండేవి, అవి కూడా జీతాలకి వాడకూడదనే ఉండేది. 2026-27 నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం కాబట్టి కొత్త గైడ్‌లైన్స్ అడిగి చూసుకోండి, పాత లెక్కతో ప్లాన్ వేయొద్దు.

తర్వాత ఊరంతా నడవాలి. కారులో కాదు, నడిచే, అదీ నీళ్లు వదిలే టైంలో. ట్యాంక్ పక్కనుండే ఇంట్లో కాకుండా పైపు చివరి ఇంట్లో బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో చూడండి, ఎస్సీ కాలనీ, తండా, ఊరవతల కొత్తగా కట్టుకున్న ఇళ్లు వదలొద్దు. ఆ సాయంత్రం స్కూలు ఆవరణలో ముగ్గుపిండితో ఊరి మ్యాప్ గీయిస్తే, మైకు ఇస్తే నోరు తెరవనివాళ్లు కూడా వచ్చి ఇక్కడ మురుగు నిలబడుతుంది, ఇక్కడ లైటు లేదు అని చూపిస్తారు. ఆడవాళ్లతో విడిగా కూర్చోవాలి, కలుపుతీతల రోజుల్లో పగలు పదింటికి మీటింగ్ పెట్టి ఆడవాళ్లు రాలేదంటే తప్పెవరిది? పొదుపు సంఘాల గ్రామ సమాఖ్య వాళ్లు పేదరిక నిర్మూలన ప్లాన్ ఒకటి వేస్తారు, పింఛను అందనివాళ్లు, పని కావాల్సినవాళ్లు అందులో ఉంటారు, దాన్ని కూడా మన ప్లాన్‌లో కలపాలి.

బోర్లే ఆధారమైన ఊరైతే నీళ్ల లెక్క లేకుండా ప్లాన్ వేయడం దండగ. ఇదేం కొత్త కాదు, మన దగ్గరే అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి ఏడు కరువు జిల్లాల్లో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే భూగర్భజలాల ప్రాజెక్టులో రైతులే వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం కొలిచి, ఎంత నీరుందో దాన్నిబట్టి రబీలో ఏం వేయాలో కూర్చుని మాట్లాడుకున్నారు. మహారాష్ట్రలో హివరే బజార్ కూడా ఏటా నీటి బడ్జెట్ వేసుకునే ఊరే. చెక్‌డ్యామ్ ఎక్కడ కట్టాలి, ఏ కుంటలో పూడిక తీయాలి అనేది ఈ లెక్క ఉంటేనే తేలుతుంది, లేదంటే కాంట్రాక్టరుకి వీలైన చోట లేస్తుంది.

ఇప్పుడు ఏది ముందు అనే గొడవ. ఒక్కొక్కరికి అయిదు చింతగింజలిచ్చి, పనుల బొమ్మలు నేలమీద పెట్టి, కావాల్సినదాని మీద వేయమనండి, చేతులెత్తిస్తే పెద్దమనుషుల మొహం చూసి ఎత్తుతారు. తేలిన పనిని వివరంగా రాయాలి. "తాగునీటి పనులు" అని రాస్తే అది ఎవరి వీధికైనా పోతుంది. "ట్యాంకు నుంచి కాలనీ చివరి 22 ఇళ్లకి పైపు, గేటు వాల్వు, ఏ నిధి, అంచనా ఎంత, ఏ నెలకి పూర్తి, తర్వాత రిపేరు ఎవరు చేయిస్తారు" అని రాస్తే తప్పించుకోలేరు. రిపేరు డబ్బు పెట్టని ప్లాన్లే ఎక్కువ, అందుకే మోటారు కాలిన ప్రతిసారీ చందాలు.

గ్రామసభ గురించి రెండు మాటలు. తెలంగాణ 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారైనా జరగాలి. ముందురోజు దండోరా వేయించి, వాట్సాప్‌లో కూడా పెట్టండి. తీర్మానం అక్కడే రాసి, అక్కడే గట్టిగా చదివించాకే సంతకాలు, ఖాళీ పేజీ మీద మాత్రం ఎంత తెలిసినవాళ్లు అడిగినా పెట్టొద్దు.

ఊళ్లన్నీ జీపీడీపీ వేసుకునేలా కేంద్రం నడిపే జనాల ప్లాన్ క్యాంపెయిన్ 2018 నుంచి అక్టోబర్ 2నే మొదలవుతోంది కాబట్టి నడకలు, నీళ్ల లెక్కలు సెప్టెంబర్‌కే అయిపోతే మంచిది. ప్లాన్ ఈగ్రామ్‌స్వరాజ్ అనే పంచాయతీల వెబ్‌సైట్‌లో ఎక్కాక లాగిన్ లేకుండానే ఎవరైనా చూడొచ్చు, మీ తీర్మానంతో పోల్చి చూడండి, సభలో లేని పని అక్కడ కనిపిస్తే తర్వాతి సభలో అడగండి. మూడు నెలలకోసారి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఏ పని ఆగింది అని పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించండి.

ఏజెన్సీ ఊళ్లవాళ్లకి ఇంకో సంగతి. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 పెసా చట్టం కింద గూడేనికే గ్రామసభ ఉంటుంది, పంచాయతీ ఏ పథకమైనా మొదలుపెట్టేముందు ఆ సభ ఆమోదం ఉండాలి, ఖర్చుపెట్టిన డబ్బుకి వినియోగ ధ్రువపత్రం కూడా ఆ సభ దగ్గరే తీసుకోవాలి.