కాలింగ్ బెల్ మోగగానే కుక్క ఆగకుండా మొరుగుతుంటే
దాని మీద అరవకండి. మీరూ తనతో గొంతు కలిపారనుకుని ఇంకా రెచ్చిపోతుంది.

ఉప్పు, కారం, ఉల్లిపాయ తగలకుండా ఉడికించిన చికెన్‌ను శనగగింజంత ముక్కలు చేసి పెట్టుకోండి. ఇంట్లో ఒకరిని బయటికెళ్లి బెల్ కొట్టమనండి. మొరగడం మొదలవగానే ఒక ముక్కను దాని ముక్కు దగ్గరికి తీసుకెళ్లి, మెల్లగా "చాలు" అనండి. వాసన పీలుస్తూ మొరగడం దానికి కష్టం. ఆ రెండు క్షణాల నిశ్శబ్దంలోనే ముక్క నోట్లో పెట్టేయండి. ఆలస్యమైతే ఎందుకు ఇచ్చారో కుక్కకు అర్థం కాదు. అలవాటయ్యాక 5 సెకన్లు, తర్వాత 10 సెకన్లు ఆగి ఇవ్వండి. రోజూ 5 నిమిషాలు సరిపోతుంది, కానీ కొన్ని వారాలు ఓపిక పట్టాలి.

గేటు కింది సగానికి షేడ్ నెట్ కడితే దారిన పోయేవాళ్లను చూసి మొరగడమూ తగ్గుతుంది.

షాక్ కాలర్లు, మూతి కట్టేయడం మాత్రం దయచేసి వద్దు. కుక్క నోరు తెరిచి రొప్పుతూనే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. మన ఎండల్లో మూతి కడితే ప్రాణం మీదికొస్తుంది.

ఎప్పుడూ లేనిది రాత్రిళ్లు మొరుగుతుంటే ముందు పశువైద్యుడికి చూపించండి. ఎక్కడో నొప్పి ఉండొచ్చు, పాపం.