స్వైప్ అందడం లేదా? ముందు రా కౌంట్ చూడండి

ఐదారు ప్యాడ్ల కెపాసిటివ్ స్లైడర్ (వేలి స్పర్శను పసిగట్టే ప్యాడ్ల వరుస) మీద ట్యాప్, స్వైప్, లాంగ్ ప్రెస్ గుర్తించే కోడ్ ఒక పూటలో రాసేయొచ్చు. రోజులు తినేది ట్యూనింగే. స్వైప్ అందకపోతే చాలామంది గెస్చర్ కోడ్‌నే తిరగరాస్తూ కూర్చుంటారు. తప్పు ఎక్కువసార్లు దానికి ముందే, సిగ్నల్లోనే ఉంటుంది.

కాబట్టి ప్రతి ప్యాడ్ రా కౌంటూ (సెన్సర్ ఇచ్చే ముడి అంకె), బేస్‌లైనూ (వేలు లేనప్పుడు ఉండే అంకె) సీరియల్ పోర్టుకి పంపి గ్రాఫ్ గీయించండి. అసలు వాడబోయే గాజు లేదా ప్లాస్టిక్ కవర్‌ని గాలి సందు లేకుండా అంటించాకే కొలవాలి. ఉత్త ప్యాడ్ మీద తీసిన అంకెలు ఎందుకూ పనికిరావు. వేలు పెడితే కౌంట్ 200 మారి, ఊరికే ఉన్నప్పుడు 20 మేర ఊగుతుంటే నిష్పత్తి 10, హాయిగా నడుస్తుంది. 5 కన్నా తగ్గితే కోడ్ జోలికి పోకుండా ప్యాడ్ సైజో కవర్ మందమో మార్చండి. చార్జర్ తగిలించి, వేలు ఆనించి ఇంకోసారి కొలవండి. కొన్ని చార్జర్ల నాయిస్ వేలు తాకినప్పుడే బయటపడుతుంది.

బేస్‌లైన్‌ని నెమ్మదిగా సర్దుతూ ఉండాలి, వేలు ఉన్నంతసేపు మాత్రం ఆపేయాలి. ఆపకపోతే లాంగ్ ప్రెస్ మధ్యలోనే బేస్‌లైన్ వేలిని మింగేస్తుంది, టచ్ దానంతటదే పోతుంది. వేలు ఆనించి ఉండగా పవర్ ఆన్ చేస్తే దీనికి తిరగబడిన తంటా: వేలు తీయగానే తేడా (రా కౌంట్‌కీ బేస్‌లైన్‌కీ మధ్య ఉన్నది) మైనస్‌లోకి పోతుంది. కొన్ని స్కాన్లపాటు మైనస్‌లోనే ఉంటే బేస్‌లైన్‌ని రీసెట్ చేయండి.

వేలు ఎక్కడుందో తేల్చడానికి గరిష్ఠ తేడా ఉన్న ప్యాడ్‌నీ దాని ఇరుపక్కల వాటినీ తీసుకోండి. 2, 3, 4 ప్యాడ్ల తేడాలు 40, 120, 80 అనుకుందాం. (2×40 + 3×120 + 4×80) ÷ 240 = 3.17. అంటే వేలు మూడో ప్యాడ్ దాటి కాస్త నాలుగో దాని వైపు ఉంది. వేలు రెండు ప్యాడ్ల మధ్య పడితే సిగ్నల్ పంచుకుపోతుంది, అందుకని థ్రెషోల్డ్‌ని (తాకినట్టు లెక్కేసే హద్దుని) మూడింటి మొత్తానికే పెట్టండి: మామూలు టచ్‌లో 50 శాతం దాటితే తాకినట్టు, 35 శాతం కిందికి దిగితే తీసినట్టు. రెండూ ఒకటే పెడితే అంచున టపటపా కొట్టుకుంటుంది.

స్కాన్ 10 మిల్లీసెకన్లకోసారి జరగాలి. చురుకైన స్వైప్ 100 మిల్లీసెకన్లలో అయిపోతుంది. 40కోసారి చూస్తే చేతికి రెండు మూడు పాయింట్లే చిక్కుతాయి. నాయిస్ తగ్గించే ఫిల్టర్ బరువెక్కినా ఇదే గతి. మూడు పాయింట్ల మీడియన్‌తో (మూడింటిలో నడిమి విలువతో) సరిపెట్టండి.

ట్యాప్ స్వైప్‌గా నమోదవుతుంటే వేలు లేచే క్షణం చూడండి. వేలికొన ఆనిన మేర కుంచించుకుపోతూ స్థానం పక్కకు జారుతుంది. చివరి రెండు మూడు స్కాన్లను పారేస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

మొదలుపెట్టడానికి ఈ అంకెలు చాలు: ట్యాప్ 250 మిల్లీసెకన్ల లోపు, లాంగ్ ప్రెస్ 600 పైన, స్వైప్ స్లైడర్ పొడవులో నాలుగో వంతు కదిలితే. డబుల్ ట్యాప్ నిజంగా అక్కర్లేకపోతే తీసేయండి. అది ఉంటే ప్రతి సింగిల్ ట్యాప్ 300 మిల్లీసెకన్లు ఎదురుచూడాల్సిందే.

ఐదారుగురి చేత, బొటనవేలితోనూ ఎడమచేత్తోనూ చేయించి రా కౌంట్లను లాగ్ చేసుకోండి. తర్వాత ఏ అంకె మార్చినా ఆ లాగ్‌ని కంప్యూటర్లో మళ్లీ నడిపి, కొత్తగా ఏ గెస్చర్లు తప్పాయో చూశాకే బోర్డులోకి ఎక్కించండి.