హ్యామక్‌లో నిద్ర – 3వ పాఠం: ఐమూలగా పడుకోవడం

కిందటి పాఠంలో హ్యామక్‌కు (రెండు చెట్ల మధ్య కట్టే గుడ్డ ఊయలకు) చెట్లు ఎంచుకోవడం, పట్టీలు చుట్టడం, ముడి జారకుండా చూసుకోవడం అయ్యాయి. ఇక ఎక్కి పడుకోవడమే తరువాయి. చాలామందికి చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మధ్యాహ్నం అరగంట కునుకు తీస్తే బాగానే ఉంటుంది. రాత్రి రెండింటికి మాత్రం నడుము పట్టేసి, పిక్కలు తిమ్మిరెక్కి, లేచి కారులోకి పోయి పడుకుంటారు. తెల్లారాక "ఈ హ్యామక్ మనకు పడదులే" అని తేల్చేస్తారు. అలా తేల్చినవాళ్లలో ఎక్కువమంది దాన్ని బిగించి కట్టి, నడిమధ్యన నిలువునా పడుకున్నవాళ్లే.

ఈ పాఠమంతా రెండు కొసలూ కుచ్చుగా పోగుచేసి కట్టే గుడ్డ హ్యామక్ గురించే. రిసార్టుల్లో కొసలకు కర్రలు పెట్టి విప్పార్చి కట్టే వల ఊయలలు ఫొటోలకు బాగుంటాయి కానీ, నిద్రలో పక్కకు తిరిగితే బోర్లా పడేస్తాయి. వాటి జోలికి వెళ్లడం లేదు. మెక్సికోలోని యుకటాన్ ప్రాంతంలో, ఈశాన్య బ్రెజిల్‌లో ఇంటి గోడలకు కొక్కేలు బిగించి, రోజూ హ్యామక్‌లోనే నిద్రపోయే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. యుకటాన్ హ్యామక్‌కు కర్రలుండవు. పడుకునేది అడ్డంగానో, ఐమూలగానో. మనం నేర్చుకోవలసింది కూడా అదే.

ముందు వదులు చేయండి

నులకమంచం కుంగితే బిగించి చదును చేసుకోవడం మనకు అలవాటు. అదే లెక్కన హ్యామక్‌నూ లాగి కడతాం. మంచానికి నాలుగు వైపులా పట్టె ఉంటుంది కాబట్టి బిగిస్తే చదునవుతుంది. హ్యామక్‌కు ఉన్నవి రెండు కొసలే. లాగేకొద్దీ గుడ్డ అంచులు బిగిసి పైకి లేస్తాయి, నడుమ ఇరుకైన గాడి ఒక్కటే మిగులుతుంది. అందులో పడితే భుజాలు రెండూ ముందుకు నొక్కుకుపోతాయి, పక్కకు కదలడానికి వీలుండదు. గుడ్డ ఎంత వదులుగా వేలాడితే లోపల అంత చదునైన చోటు దొరుకుతుంది. వినడానికి తిరకాసుగా ఉన్నా పాఠమంతా దీని మీదే నడుస్తుంది కాబట్టి ఒకసారి బిగించి, ఒకసారి వదిలి, రెండు రకాలుగానూ పడుకుని తేడా మీరే చూడండి.

పట్టీ వాలు 30 డిగ్రీలు ఉండాలి. కొలిచే పరికరం మన చేతిలోనే ఉంది. పిల్లలు తుపాకీ ఆట ఆడేటప్పుడు పట్టినట్టు చూపుడువేలు ముందుకు, బొటనవేలు పైకి చాపండి. చూపుడువేలు నేలకు సమాంతరంగా, హ్యామక్ వైపు చూస్తూ ఉండాలి. బొటనవేలు చెట్టు వైపు ఉండాలి. చూపుడువేలి కొస నుంచి బొటనవేలి కొసకు గీత ఉందనుకోండి. పట్టీ ఆ గీత వెంట వాలి ఉంటే సుమారు 30 డిగ్రీలు ఉన్నట్టే. ఖాళీ హ్యామక్ మీదే చూడండి, ఎక్కాక ఎలాగూ కాస్త మారుతుంది.

సుఖం మాట అటుంచి, బరువు లెక్క కూడా ఒకటుంది. 70 కిలోల మనిషి పడుకుంటే 30 డిగ్రీల దగ్గర ఒక్కో పట్టీ మీద పడే లాగుడు కూడా దాదాపు 70 కిలోలే. 15 డిగ్రీలకు తగ్గితే అది 135 కిలోలు దాటుతుంది, 10 డిగ్రీలకు 200. అర్ధరాత్రి పట్టీ పుటుక్కున తెగడం వెనక చాలాసార్లు ఈ బిగింపే ఉంటుంది.

రెండు కొసల మధ్య సాగని సన్నని తాడు ఒకటి కట్టుకుంటే ప్రతిసారీ ఈ కొలతలతో పని ఉండదు. దీన్ని రిడ్జ్‌లైన్ అంటారు. పొడవు హ్యామక్ పొడవులో 83 శాతం. 335 సెంటీమీటర్ల (11 అడుగుల) హ్యామక్‌కు 278, మన దగ్గర చవకగా దొరికే 270 సెంటీమీటర్ల రకానికి 224. చెట్లు దగ్గరగా ఉన్నా దూరంగా ఉన్నా గుడ్డ ఒకేలా వేలాడుతుంది. పడుకున్నాక చెయ్యి చాపి ఆ తాడును రెండు వేళ్ల మధ్య వంచి చూడండి. కొంచెం వంగాలి. ససేమిరా వంగకపోతే పట్టీలు బిగువుగా ఉన్నాయని అర్థం.

ఎక్కడం, ఐమూల పట్టడం

కూర్చున్నప్పుడు సీటు నేలకు మూరెడు ఎత్తులో, అంటే 45 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. అంతకంటే ఎత్తు వద్దు. హ్యామక్‌కు వీపు పెట్టి నిలబడి, గుడ్డ వెనక అంచును చేత్తో పట్టుకుని వెడల్పుగా విప్పి, మధ్యలో పూర్తిగా వెనక్కి జరిగి కూర్చోండి. అంచు మీద కూర్చుంటే తిరగబడుతుంది. మొదటిసారి బరువు ఒక్కసారిగా వేయకుండా మెల్లగా ఆనించి, పట్టీలు కుదురుకున్నాక కాళ్లు రెండూ కలిపి పైకి తీసుకోండి.

ఇప్పుడు మీరు కొస నుంచి కొసకు నిలువునా ఉన్నారు. వీపు వంగి, గడ్డం ఛాతీ వైపు, కాళ్లు పైకి. ఈ భంగిమ పుస్తకం చదవడానికి సరిపోతుంది, రాత్రంతా ఉండడానికి కాదు. రెండు మడమలనూ కుడివైపుకు ఒక మూరెడు జరపండి. తుంటి కదలకూడదు. తర్వాత తలనూ భుజాలనూ ఎడమవైపుకు జరపండి. గుడ్డ నడిగీతకు మీ ఒళ్లు 15 నుంచి 30 డిగ్రీల అడ్డంలోకి వస్తుంది.

సరిగ్గా కుదిరినప్పుడు ఒళ్లే చెబుతుంది. మడమలు గబుక్కున కిందికి దిగుతాయి, నడుము కింద ఖాళీ నిండుతుంది, భుజాల మీద నొక్కుడు పోతుంది. పక్కన గుడ్డను గమనించండి. ఒక అంచు వదులై ముఖం మీదకు వాలిపోతుంటుంది, కాళ్ల పక్క అంచు మాత్రం బిగిసి ఉంటుంది. ఆ వదులు అంచును ఒంటి కిందకు మడిచేసుకోవచ్చు. మోకాళ్లు, తుంటి, భుజం దాదాపు ఒకే మట్టంలోకి వస్తాయి. తల, పాదాలు కొంచెం పైన ఉంటాయి, అంతవరకు మామూలే.

తల ఎడమ, కాళ్లు కుడి అనేది నియమమేమీ కాదు. తిప్పి కూడా చూడండి. ఎక్కువమందికి రెండింటిలో ఒకటే నప్పుతుంది, ఎందుకో ముందుగా చెప్పలేం. దోమతెర కుట్టి వచ్చే కొన్ని రకాల్లో మాత్రం పాదాల చోటు ఒకవైపే కుడతారు. కొనేముందే చూసుకోండి.

కాళ్ల వైపు జానెడు ఎత్తు

రెండు కొసలూ సమానంగా కడితే గుడ్డలో లోతైన చోటు సరిగ్గా మధ్యన పడుతుంది. మనిషి బరువు నడుము దగ్గర. నడుము నుంచి తల దాకా ఉన్న పొడవు కంటే పాదాల దాకా ఉన్న పొడవు ఎక్కువ. కాబట్టి కాళ్లు చాపుకోవడానికి వీలుగా తల కొస వైపు జరిగి పడుకుంటాం, నిద్ర పట్టగానే మధ్యకు జారిపోతాం. పాదాలు గుడ్డ మొదట్లో ఇరుక్కుని మెలకువ వస్తుంది. కాళ్ల వైపు కొసను తల వైపు కంటే జానెడు, 20 సెంటీమీటర్ల అటూఇటూ, ఎత్తులో కట్టండి. లోతైన చోటు తల వైపుకు జరుగుతుంది. జారడం ఆగిపోతుంది.

కొండవాలుల్లో ఇది తేలిగ్గా తప్పుతుంది. మారేడుమిల్లిలోనో, అరకు దగ్గరి ఏ తోటలోనో నేల ఏటవాలుగా ఉంటుంది. రెండు చెట్లకూ నేల నుంచి ఒకే ఎత్తు కొలిచి కడితే ఒక కొస రెండు జానలు కిందకు పోయి ఉండొచ్చు. నేలను నమ్మకుండా రిడ్జ్‌లైన్ మీద ఫోన్ పెట్టి, మట్టం చూపే యాప్‌లో చూసుకోండి. వాలు మీద ఉన్నప్పుడు ఎగువ చెట్టును కాళ్లకు కేటాయిస్తే సగం పని దానంతటదే అవుతుంది.

పిక్కల కింద గట్టు

అన్నీ సరిగ్గా కట్టాక కూడా వచ్చే ఫిర్యాదు ఇది. ఐమూలగా పడుకున్నప్పుడు గుడ్డ నడిగీత బిగిసి, కాళ్ల కిందుగా అడ్డం దాటుతుంది. అక్కడ ఒక గట్టు లేస్తుంది. చేత్తో తడిమితే పిక్క కింద బిగుసుకున్న మడత తెలుస్తుంది. అది నొక్కితే కాలు తిమ్మిరెక్కుతుంది, లేదా మోకాలు వెనక్కి లాగినట్టుగా నొప్పెడుతుంది.

హ్యామక్ పొట్టిదయ్యేకొద్దీ ఈ గట్టు పదునెక్కుతుంది. వికారాబాద్ అనంతగిరి దగ్గర క్యాంపుకి వచ్చిన ఆరడుగుల మిత్రుడొకడు 270 సెంటీమీటర్ల హ్యామక్‌లో రాత్రంతా కాళ్లు మార్చుకుంటూనే ఉన్నాడు. మర్నాడు పట్టీలు ఇంకా వదిలాం, గట్టు కాస్త తగ్గింది. కాళ్ల కొస మరో బెత్తెడు పైకి లేపాం, ఇంకాస్త తగ్గింది. చివరికి జాకెట్‌ను చుట్టచుట్టి మోకాళ్ల కింద పెట్టాక పిక్కలు గుడ్డ మీద నుంచి తేలిపోయాయి, గట్టు ఉందన్న సంగతే తెలియలేదు. ఆ వరుసలోనే మీరూ ప్రయత్నించండి. వదులు, కాళ్ల ఎత్తు, ఐమూల కోణంలో రెండు మూడు వేళ్ల మార్పు, చివరగా మోకాళ్ల కింద చుట్ట. అయినా తగ్గకపోతే నేర్పులో లోపం లేదు, గుడ్డ చాలడం లేదు. 5 అడుగుల 8 అంగుళాలు దాటిన వాళ్లకు 11 అడుగుల హ్యామక్ కొనమని నేను మొహమాటం లేకుండా చెబుతాను. "డబుల్" అని రాసి అమ్మే వెడల్పు రకాలు ఇందుకు పనికిరావు. వెడల్పు పెరిగితే గాలికి రెపరెపలాడే గుడ్డ ఎక్కువవుతుంది, అంతే. కావలసింది పొడవు.

మెడ విషయం చిన్నది. ఇంట్లో వాడే దిండు తీసుకెళ్లకండి. హ్యామక్‌లో తల ముందే కొంచెం లేచి ఉంటుంది, లావు దిండు గడ్డాన్ని ఛాతీకి తాకిస్తుంది. మడిచిన తువ్వాలు తలకు కాకుండా మెడ కింద పెడితే సరి.

పక్కకు తిరిగి పడుకునే అలవాటున్నవాళ్లు భయపడక్కర్లేదు. ముందు వెల్లకిలా ఐమూల పట్టి, అది కుదిరాకే తిరగండి. మోకాళ్లు కొద్దిగా ముడుచుకుంటే వీపు నిటారుగానే ఉంటుంది. నిలువు భంగిమలోంచి తిరిగితే మాత్రం నడుము పక్కకు వంగిపోతుంది. బోర్లా పడుకునేవాళ్లకు ఈ రకం హ్యామక్ కుదరదు, ఎన్ని చిట్కాలు చెప్పినా. వెన్ను ఆపరేషన్ అయినవాళ్లు, నెలలు నిండుతున్న గర్భిణులు డాక్టర్‌ను అడిగాకే ఎక్కాలి. పసిపిల్లలను పక్కలో పెట్టుకుని నిద్రపోవద్దు.

ఊపు సంగతి కూడా చెప్పాలి. 2011లో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్లు 12 మంది మగవాళ్లను 45 నిమిషాల మధ్యాహ్న నిద్రకు పడుకోబెట్టి చూశారు. కదలని మంచం మీద కంటే మెల్లగా ఊగే మంచం మీద వాళ్లు త్వరగా నిద్రలోకి జారుకున్నారు. ఆ ఊపు వేగం నాలుగు సెకన్లకు ఒకటి. మీరు కాలితో నేలను తన్ని ఊగేది సాధారణంగా దానికంటే చాలా వేగం, కొందరికి కడుపులో తిప్పుతుంది కూడా. రిడ్జ్‌లైన్‌ను చేత్తో మెల్లగా లాగి వదిలితే చాలు.

ఈ వారం సాధన

అడవికి వెళ్లేదాకా ఆగకండి. ఇంటి పెరట్లో, తోటలో, పగటిపూట చేయండి. డాబా మీద అయితే పిట్టగోడకు, కిటికీ ఊచలకు, ఒంటరిగా నిలబెట్టిన ఇటుక స్తంభానికి కట్టొద్దు. హ్యామక్ లాగుడు పక్కకు ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర మీ బరువులో 87 శాతం దాకా అడ్డంగా లాగుతుంది, ఇటుక కట్టడం దాన్ని తట్టుకోదు. స్తంభం కూలి మీద పడి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

మధ్యాహ్నం గంటసేపు పడుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. కాళ్ల ఎత్తు మారిస్తే వదులు మార్చొద్దు, లేకపోతే దేనివల్ల సుఖమొచ్చిందో తెలియదు. నచ్చిన చోట పట్టీకి రంగు దారం కట్టి గుర్తు పెట్టుకోండి. లేచాక ఎక్కడ పట్టేసిందో చూసుకుని, పైన చెప్పిన వాటిలో దానికి సంబంధించింది వెతకండి. భుజాలైతే బిగువు, పిక్కలైతే గట్టు, మెడైతే దిండు. నడుమైతే చాలావరకు మీరు నిద్రలో మళ్లీ నిలువుకు జారిపోయి ఉంటారు.

వీపు కింద చల్లగా అనిపిస్తే కంగారు పడకండి, భంగిమలో తప్పు లేదు. ఒంటి కింద నలిగిన స్లీపింగ్ బ్యాగ్ వెచ్చదనం ఇవ్వదు, గాలి కింద నుంచి తగులుతూనే ఉంటుంది. 20 డిగ్రీల రాత్రి కూడా ఇది తెలుస్తుంది, డిసెంబరులో లంబసింగిలో అయితే చెప్పనక్కర్లేదు. దాని మందు 4వ పాఠంలో. అప్పటికి మీ ఎత్తుకు సరిపడా ఒక పల్చటి ఫోమ్ షీటు కొని ఉంచుకోండి, యోగాకు వాడేదైనా పరవాలేదు. దాన్ని ఈ ఐమూల భంగిమలోనే పరిచి, జారకుండా ఆపడం నేర్చుకుందాం.