ఐబీడీలో పసుపు, కషాయం, యోగా: అసలు మందు ఆపకుండా ఎలా వాడుకోవాలి

అల్సరేటివ్ కొలైటిస్ అనో క్రోన్స్ అనో (పేగు వాచి పుండ్లు పడే ఈ దీర్ఘకాలిక జబ్బులు రెండింటినీ కలిపి ఐబీడీ అంటారు) రిపోర్టు చేతికొచ్చి వారం తిరక్కముందే ఇంట్లో సలహాలు మొదలవుతాయి. "ఆ ఇంగ్లీషు మందులు జీవితాంతం మింగితే కిడ్నీలు పోతాయి రా, మా వైపు ఒకాయన పసరు ఇస్తాడు, నలభై రోజుల్లో తగ్గిపోద్ది" అని పెద్దమ్మ ఫోన్ చేస్తుంది. బాబాయి వాట్సాప్‌లో కలబంద వీడియో పంపిస్తాడు. వాళ్లని తప్పు పట్టడానికి లేదు, రోజుకి పదిసార్లు బాత్రూమ్‌కి పరిగెత్తే మనిషి కళ్లముందు తిరుగుతుంటే ఎవరికైనా ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. ఏదీ వాడొద్దని చెప్పడానికి ఇది రాయట్లేదు, చెప్పినా ఎవరూ వినరు కూడా. నేనూ కొలైటిస్ పేషెంట్‌నే, మా వంటింటి అలమారలోనూ ఒకట్రెండు సీసాలు ఉంటాయి. వాడేటప్పుడు ఏం చూసుకోవాలి, దేని జోలికి వెళ్లకూడదు అన్నదే ఇక్కడి సంగతి.

ముందు జబ్బు పేరు ఖాయం చేసుకోండి. ఐబీఎస్ వేరు, ఐబీడీ వేరు. ఐబీఎస్‌లో పేగు పనితీరు అస్తవ్యస్తంగా ఉంటుందే తప్ప పూత, పుండ్లు ఉండవు. ఐబీడీలో పేగు గోడ నిజంగా వాచి, పుండు పడి, రక్తం కారుతుంది. "నాకు ఫలానా చూర్ణంతో పూర్తిగా తగ్గిపోయింది" అని చెప్పేవాళ్లని కాస్త తరచి అడగండి, చాలామందికి ఉన్నది ఐబీఎస్, లేకపోతే అమీబియాసిస్. కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా పంపి చూడటం), బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) రెండూ చేయించుకుని మరీ చెప్పేవాళ్లు తక్కువ. మన దేశంలో ఇంకో చిక్కు కూడా ఉంది. పేగు టీబీ, క్రోన్స్ రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, వాటిని విడదీయడానికి పెద్ద డాక్టర్లే తంటాలు పడతారు. అది తేలకుండా నాటుమందుతో నెలలు గడిపితే రెండు జబ్బుల్లో ఏది ఉన్నా ముదురుతుంది.

రెండు లెక్కలు విడివిడిగా రాయండి

నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో ముఖ్యమైనది ఇదే. మనకి ఎలా ఉంది అన్నది ఒక లెక్క, పేగు ఎలా ఉంది అన్నది ఇంకో లెక్క. రెండూ ఎప్పుడూ కలిసి నడవవు. ఇజ్రాయెల్‌లో కొలైటిస్ పేషెంట్లకి 8 వారాల పాటు గంజాయి ఇచ్చి చూసిన పరీక్ష ఒకటి 2021లో అచ్చయింది. వాళ్లకి నొప్పి తగ్గింది, జీవన నాణ్యత స్కోరు పెరిగింది, కానీ ఎండోస్కోపీలో చూస్తే డమ్మీ మందు వాడినవాళ్లకీ వీళ్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. (గంజాయి తాగమని కాదు నేను చెప్పేది, ఇక్కడ అది నేరం.) మనిషికి హాయిగా ఉంది, లోపల పుండు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. కషాయం పడ్డాక "ఇప్పుడు బాగుంది కదా" అని టాబ్లెట్లు మానేసేవాళ్లు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే.

అలాగని మొదటి లెక్క తక్కువదేమీ కాదు. పెళ్లికి వెళ్లగలిగామా, బస్సెక్కి రెండు గంటలు కూర్చోగలిగామా, రాత్రి లేవకుండా నిద్రపట్టిందా అన్నవే మన బతుకు. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో దీనికోసమే ఐబీడీక్యూ అనే ప్రశ్నావళి తయారు చేశారు. 32 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు, మొత్తం 32 నుంచి 224 దాకా వస్తుంది. పేగు బాధలు, ఒంట్లో నీరసం, మనసులో దిగులు, నలుగురిలో తిరగడం అన్నీ అందులోకి వస్తాయి. అదంతా దేనికనుకుంటే ఒక రూళ్ల నోటుబుక్ చాలు. రోజూ ఒక్క గీత: ఎన్నిసార్లు వెళ్లారు, రక్తం ఉందా లేదా, రాత్రి లేచారా, నొప్పి పదికి ఎంత, ఆ రోజు ఏ పని మానుకున్నారు. కొత్తది ఏదైనా మొదలుపెట్టేముందు రెండు వారాలు ఉత్తినే ఇలా రాసి, అప్పుడు మొదలుపెట్టండి. ఒకసారికి ఒక్కటే మొదలుపెట్టండి. పసుపు, కలబంద, కొత్త డైట్ మూడూ ఒకే సోమవారం షురూ చేస్తే ఏది పనిచేసిందో, ఏది కొంపముంచిందో బ్రహ్మకి కూడా తెలియదు.

రెండో లెక్క ల్యాబ్‌ది. మలంలో చూసే కాల్‌ప్రొటెక్టిన్ టెస్ట్ చవక కాదు గానీ, పేగులో వాపు ఉందో లేదో కెమెరా పెట్టకుండా చెప్పే మంచి సాధనాల్లో అదొకటి. బాధలేమీ లేని మనిషికి (గ్రాముకి మైక్రోగ్రాముల లెక్కలో) 150 లోపు వస్తే మామూలుగా ధీమాగా ఉండొచ్చు, 250 దాటితే మాత్రం "నాకు బాగానే ఉంది డాక్టర్ గారూ" అన్న మాటని ఆయన నమ్మరు, నమ్మకూడదు కూడా. మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలలకి ఒకసారి చేయించండి. దాంతోపాటు సీఆర్పీ (రక్తంలో వాపు గుర్తు), హిమోగ్లోబిన్, లివర్ టెస్టులు, క్రియాటినిన్ (కిడ్నీల టెస్ట్) కూడా. ఇక కొలైటిస్ మొదలై 8 ఏళ్లు అయినవాళ్లు ఎంత బాగున్నా సరే క్యాన్సర్ కోసం కొలనోస్కోపీ చేయించుకోవాల్సిందే, ఏ కషాయమూ దాన్ని తప్పించదు.

పసుపు సంగతి

ఐబీడీలో పసుపుకి ఉన్నంత ఆధారం మన వంటింట్లో ఇంకో దినుసుకి లేదు, కానీ ఆ ఆధారం పసుపుది కాదు, అందులోని కర్క్యుమిన్‌ది. 2006లో జపాన్‌లో జబ్బు అదుపులో ఉన్న 89 మంది కొలైటిస్ పేషెంట్లతో పరీక్ష చేశారు. అందరూ కొలైటిస్‌కి మామూలుగా ఇచ్చే వాపు మందులు మెసాలమిన్ గానీ సల్ఫాసలజిన్ గానీ వాడుతూనే ఉన్నారు, సగం మందికి అదనంగా రోజుకి 2 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చారు. చివరికి లెక్కలోకి వచ్చినవాళ్లని చూస్తే, 6 నెలల్లో కర్క్యుమిన్ తీసుకున్న 43 మందిలో ఇద్దరికే జబ్బు తిరగబెట్టింది, తీసుకోని 39 మందిలో 8 మందికి తిరగబెట్టింది. మంచి ఫలితమే. అయితే ఢిల్లీ ఎయిమ్స్‌లో రోజుకి 450 మిల్లీగ్రాములతో చేసి చూస్తే డమ్మీ మందు కంటే గొప్పగా ఏమీ పనిచేయలేదు. అంటే డోసు ముఖ్యం.

ఇప్పుడు వంటింటి లెక్క చూడండి. పసుపులో కర్క్యుమిన్ ఉండేది సుమారుగా నూటికి మూడు పాళ్లు. టీస్పూన్ పసుపు మూడు గ్రాములనుకుంటే అందులో కర్క్యుమిన్ వంద మిల్లీగ్రాములు కూడా రాదు. రెండు గ్రాములు కావాలంటే ఇరవై చెంచాల పైమాటే. పాలల్లో చిటికెడు వేసుకుని తాగితే రుచికి బాగుంటుంది, గొంతుకి హాయిగా ఉంటుంది, పేగుపూత మీద మాత్రం ఆశలు పెట్టుకోకండి. క్యాప్సూల్ కొంటే "కర్క్యుమినాయిడ్స్ ఎంత" అని వెనకాల అట్ట మీద చూడండి, "పసుపు 500 మిల్లీగ్రాములు" అని రాసి ఉంటే అది వేరే లెక్క. మిరియాల సారం పైపరిన్ కలిపినవి ఎక్కువ రేటుకి అమ్ముతారు, ఒంటికి బాగా పడుతుందని. మనకి కావాల్సింది పెద్దపేగుకి చేరడం, రక్తంలోకి ఎక్కడం కాదు. పైగా అలా బాగా ఒంటబట్టే రకాలతోనే కొంతమందికి లివర్ దెబ్బతిన్న కేసులు బయటపడ్డాయి. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా కర్క్యుమిన్ ముట్టుకోవద్దు.

మిగతావి

ఇసబ్గోల్: 1999లో స్పెయిన్‌లో ఈ గింజలతో చేసిన పరీక్షలో కొలైటిస్ తిరగబెట్టకుండా ఉంచడంలో మెసాలమిన్‌కి దగ్గరగా వచ్చింది. చిన్న పరీక్ష కాబట్టి మెసాలమిన్ ఆపడానికి ఇది సాకు కాదు, జబ్బు అదుపులో ఉన్నప్పుడు తోడుగా వాడుకోవడానికి మాత్రం బాగుంటుంది. పెద్ద గ్లాసుడు నీళ్లతోనే తీసుకోవాలి. క్రోన్స్ వల్ల పేగు ఎక్కడైనా సన్నబడి ఉంటే అసలు వద్దు, అక్కడ ఉబ్బి అడ్డం పడుతుంది.

కలబంద విషయంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. మట్ట కోయగానే తొక్క కింద నుంచి పసుపుపచ్చ జిగురు కారుతుంది, నాలుక మీద పెడితే భరించలేనంత చేదు. ఎండితే అదే ముసాంబరం, గట్టి విరేచనకారి. విరేచనాలతో సతమతమయ్యేవాడికి అది పోస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? కోసిన మట్టని నిలబెట్టి ఆ జిగురంతా కారిపోనిచ్చి, కడిగి, తొక్క మందంగా తీసేసి, లోపలి తెల్లటి గుజ్జు మాత్రమే తీసుకోవాలి. ఆ గుజ్జుతో కూడా కొద్దిపాటి మేలే, అదీ ఒక చిన్న పరీక్షలోనే కనిపించింది. నేనైతే ఆ శ్రమ పెట్టుకోను.

తిప్పతీగ వద్దు. "ఇమ్యూనిటీ పెంచుతుంది" అని కరోనా రోజుల్లో ఊరూవాడా తాగారు, 2021లో ముంబై డాక్టర్లు దానివల్ల లివర్ దెబ్బతిన్న కేసులు బయటపెట్టారు. మన జబ్బు ఇమ్యూనిటీ తక్కువై వచ్చింది కాదు, అది మన పేగు మీదకే తిరగబడి వచ్చింది. ఇమ్యూనిటీని అణచడానికి ఇచ్చే అజాథయోప్రిన్ వాడేవాళ్లకి లివర్ టెన్షన్ ఎలాగూ ఉంటుంది, ఇంకోటి నెత్తికెత్తుకోవడం దేనికి? అతిమధురం కూడా స్టెరాయిడ్ వాడే రోజుల్లో వద్దు, రెండూ కలిస్తే పొటాషియం పడిపోయి బీపీ పెరుగుతుంది. అది దగ్గు కషాయాల్లోనూ ఉంటుంది, చూసుకోండి. త్రిఫల, సునాముఖి విరేచనాలు చేయించేవే కాబట్టి జబ్బు ఎగదన్నిన రోజుల్లో, అంటే ఫ్లేర్‌లో వాటి ఊసెత్తకండి. అరిష్టాలు, ఆసవాల్లో పులియడం వల్ల ఆల్కహాల్ ఉంటుంది, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వాడే రోజుల్లో ఆపేయండి.

అన్నిటికన్నా భయపడాల్సింది పర్పటి, భస్మాలకి. గ్రహణి పేరుతో పేగు జబ్బులకి ఇచ్చే రసపర్పటి పాదరసం, గంధకం కలిపి చేసేది. పంచామృత పర్పటిలో వాటితోపాటు ఇనుము, రాగి, అభ్రకం. సీసా మీద పేరులో రస, భస్మ, పర్పటి, లోహ అని ఉంటే ఆగండి. షెడ్యూల్ ఈ-1 (చట్టంలో విషపదార్థాలుగా గుర్తించిన దినుసుల జాబితా) దినుసులున్న మందుల మీద వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని హెచ్చరిక ఉండాలి. పాదరసం కిడ్నీల్ని తింటుంది, మెసాలమిన్ కూడా అరుదుగా కిడ్నీల మీద పడుతుంది కాబట్టే మనకి క్రియాటినిన్ చూస్తుంటారు. ఇలాంటి మందులతో ఒంట్లోకి సీసం చేరితే కడుపునొప్పి, రక్తహీనత వస్తాయి, దాన్ని ఫ్లేర్ అనుకుని ఇంకా మందు పెంచుకుంటాం. లేబుల్ లేని పొట్లంతో మూడు రోజుల్లోనే అద్భుతంగా తగ్గిపోయిందంటే సంతోషించకండి, అందులో స్టెరాయిడ్ కలిపారేమోనని అనుమానించండి.

యోగా మాత్రం నిక్షేపంగా చేయండి. జర్మనీలో చేసి 2017లో అచ్చయిన పరీక్షలో 77 మంది కొలైటిస్ పేషెంట్లు పాల్గొన్నారు. వారానికి ఒక గంటన్నర చొప్పున 12 వారాలు యోగా చేసినవాళ్లకి, రాతపూర్వకంగా సలహాలు మాత్రమే అందుకున్నవాళ్ల కంటే జీవన నాణ్యత స్కోరు బాగా పెరిగింది. ఫ్లేర్‌లో కపాలభాతి, పొట్ట లోపలికి లాగే క్రియలు మానేసి శవాసనం, నెమ్మదైన శ్వాసతో సరిపెట్టుకోండి. చాలాకాలం స్టెరాయిడ్ వాడినవాళ్లకి ఎముకలు బలహీనపడి ఉంటాయి, నడుము మెలితిప్పే ఆసనాలతో జాగ్రత్త.

డాక్టర్‌తో ఎలా చెప్పాలి

తిడతారని దాచేస్తాం, అందరం. సీసా గానీ ఫోటో గానీ తీసుకెళ్లి, "సార్, మెసాలమిన్ ఆపలేదు, దీనితోపాటు ఇది మూడు నెలలు వాడి చూద్దామనుకుంటున్నాను, నా మందులతో పడదంటే చెప్పండి, లివర్ టెస్ట్ ఎప్పుడు చేయించను?" అని అడగండి. అలా అడిగితే చాలామంది కసురుకోరు. ఆయుర్వేద డాక్టర్ గారికి కూడా ప్రిస్క్రిప్షన్, కొలనోస్కోపీ రిపోర్టు చూపించండి. "ముందు ఆ మందులన్నీ ఆపేసి రండి" అన్నారా, లేచి వచ్చేయండి. స్టెరాయిడ్ హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్ మధ్యలో మానేస్తే ఒంట్లో దానికి విరుగుడు తయారై మళ్లీ మొదలుపెట్టినప్పుడు పనిచేయకపోవచ్చు.

రోజుకి 6 సార్లు, అంతకు మించి రక్తంతో విరేచనాలవుతూ, దానికి తోడు జ్వరం 100 దాటినా, నాడి నిమిషానికి 90 దాటినా నోటుబుక్, కషాయం అన్నీ పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, మర్నాటి దాకా ఆగొద్దు. కళ్లు పచ్చబడ్డా, మూత్రం ముదురు రంగులోకి మారినా కొత్తగా మొదలుపెట్టినది వెంటనే ఆపి లివర్ టెస్ట్ చేయించండి. సీసా పారేయొద్దు, బ్యాచ్ నంబరుతో సహా బిల్లు కూడా దాచండి. మందు పడక ఏదైనా జరిగితే ఫిర్యాదు చేయడానికి ప్రభుత్వ టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024, అక్కడ ఆ వివరాలు పనికొస్తాయి.